ఎగ్ శాండ్‌విచ్ మంచిదే... మయోనీజ్‌తోనే జాగ్రత్త!
మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసులకు పరుగెత్తే హడావుడిలో పొద్దుటి టిఫిన్ మానేస్తున్నారా? జపాన్‌వాళ్ల ఎగ్ శాండ్‌విచ్ ‘తమగో సాండో’ ప్రయత్నించండి. ఉడికించిన గుడ్లను చిదిమి, మయోనీజ్ కలిపి, మెత్తటి బ్రెడ్ మధ్య పెడతారు. రెండు గుడ్లతో సుమారు 12 గ్రాముల ప్రొటీన్, మెదడుకు అవసరమైన కోలిన్ అందుతాయి.

చిక్కంతా మయోనీజ్‌తోనే. టేబుల్‌స్పూనులోనే దాదాపు 10 గ్రాముల కొవ్వు ఉంటుంది. పచ్చిగుడ్డుతో చేస్తే సాల్మొనెల్లా ముప్పూ ఉంటుంది. ఫుడ్ పాయిజనింగ్ ఘటనల తర్వాత, తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న పచ్చిగుడ్డు మయోనీజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. కాబట్టి బయట తినేటప్పుడు మయోనీజ్ దేంతో చేశారో అడగండి.

ఇంట్లోనైతే దాని బదులు నీళ్లు వడకట్టిన గట్టి పెరుగు, మిరియాల పొడి, చిటికెడు ఆవపొడి కలపండి. హోల్‌వీట్ బ్రెడ్ వాడితే పీచూ అందుతుంది. ఫ్రిజ్‌లో పెట్టే వీల్లేకపోతే రెండు గంటల్లోపే తినేయండి.