కంప్యూటరులో క్రొత్త డిస్కు - విభజన విధానము

ఛాయాచిత్రములు, పాటలు, పిల్లల చదువు కాగితములు కంప్యూటరులోనికి చేరినకొలదియు డిస్కు నిండిపోవుట సహజము. అప్పుడు రెండవ డిస్కును కొని తెచ్చి యంత్రములో బిగింతుము. లైనక్సు వ్యవస్థపై నడచు యంత్రములలో అటుపిమ్మట చేయవలసిన పని ఏమి, అందు జాగ్రత్త ఎక్కడ అవసరము అను విషయము నేడు విచారింతము.

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రభృతులు యూనిక్సు వ్యవస్థను ఆరంభించిరి. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లైనక్సు దాని పద్ధతినే అనుసరించినది. ఈ పద్ధతిలో సీ, డీ అను వేరువేరు అక్షరముల డ్రైవులు లేవు. దస్త్రములన్నియు ఒకే వృక్షము. దానికి మూలము ఒక్కటే. క్రొత్త డిస్కును ఆ వృక్షమునకు ఒక కొమ్మగా అంటుకట్టవలెను.

అంతకు ముందు డిస్కులో హద్దులు వేయవలెను. ఇదియే పార్టిషను, అనగా విభజన. హద్దుల వివరము డిస్కు మొదట ఒక పట్టికలో ఉండును. 1983 నుండి వాడుకలోనికి వచ్చిన ఎంబీఆర్ పట్టికలో నాలుగు ముఖ్య భాగములకే చోటు కలదు. సాధారణముగా రెండు టెరాబైట్లకు మించిన స్థలమును అది లెక్కింపజాలదు. తరువాత వచ్చిన జీపీటీ పట్టికలో మామూలుగా 128 భాగములకు చోటున్నది. పైగా దాని నకలు డిస్కు చివర భద్రముగా ఉండును. క్రొత్త డిస్కునకు జీపీటీయే తగినది.

పట్టిక వ్రాయుట క్షణములో జరుగు పని. ఏ డిస్కుపై వ్రాయుచున్నామన్నదే అసలు ప్రశ్న. యంత్రము తనకు కనబడిన వరుసలో డిస్కులకు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని పేర్లు పెట్టును. క్రొత్తది చేరినపుడు వరుస మారవచ్చును. నిన్నటి ఎస్‌డీఏ నేడు ఎస్‌డీబీ కావచ్చును. ఆ పేరును నమ్మి పాత డిస్కుపై విభజన జరిపినచో ఏండ్ల తరబడి దాచిన ఛాయాచిత్రములు చేజారిపోవును.

అన్నదమ్ములు విభాగ దస్తావేజు వ్రాయించుకొనునపుడు భూమి సర్వే సంఖ్యను సరిచూతురు గదా! ఇక్కడను అంతే. ఎల్‌ఎస్‌బీఎల్‌కే అను ఆజ్ఞ ఇచ్చినచో డిస్కులు, వాని పరిమాణములు, భాగములు కనబడును. ఒక టెరాబైటు డిస్కు 931 అని కనబడినచో కలవరపడనక్కరలేదు. అమ్మువారు వేయి చొప్పున, యంత్రము 1024 చొప్పున లెక్కించుటయే దీనికి కారణము. రెండు డిస్కులు సమాన పరిమాణము గలవైనచో పైచీటీమీది క్రమసంఖ్యను పోల్చి చూడవలెను. ముఖ్యమైన దస్త్రములకు వేరొకచోట నకలు ఉంచుకొనుట ఎట్లును అవసరమే.

విభజనకు ఎఫ్‌డిస్క్ అను సాధనము కలదు. 'డబ్ల్యూ' అను అక్షరము నొక్కువరకు అది డిస్కుపై ఏమియు వ్రాయదు. సందేహము కలిగినచో 'క్యూ' నొక్కి వెలుపలికి రావచ్చును. బొమ్మలతో పనిచేయు జీపార్టెడ్ కూడ మనము అనుమతించువరకు ఆగును.

హద్దులు వేసిన భాగములో ఈఎక్స్‌టీ4 వంటి దస్త్రవ్యవస్థను నెలకొల్పవలెను. పిదప ఒక ఖాళీ సంచయమును ద్వారముగా ఎంచి, మౌంట్ ఆజ్ఞతో ఆ భాగమును అచట కలుపవలెను. మొదట దానిపై అధికారము నిర్వాహకునిదే గనుక, ఇంటివారు వ్రాసుకొనుటకు యాజమాన్యము మార్చవలసి యుండును.

యంత్రమును తెరచిన ప్రతిసారి ఈ కలయిక తనంతట జరుగుటకు ఎఫ్‌స్టాబ్ అను దస్త్రములో ఒక పంక్తి చేర్చవలెను. అందు ఎస్‌డీబీ వంటి మారు పేరు వ్రాయరాదు. ప్రతి దస్త్రవ్యవస్థకును యూయూఐడీ అను స్థిరమైన గుర్తు కలదు, దానినే వ్రాయవలెను. 'నోఫెయిల్' అను మాటను కూడ చేర్చినచో, డిస్కు లేకపోయినను యంత్రము తెరచుకొనును. పంక్తి వ్రాసిన వెంటనే 'మౌంట్ ఏ' ఆజ్ఞతో పరీక్షించి, తప్పులేదని తెలిసికొన్న పిమ్మటనే యంత్రమును తిరిగి ప్రారంభింపవలెను.