‘మెకంజీ’ ఇంటిపేరు : పుట్టుక, లిపిపరిణామం, నేటి వ్యాప్తి

వ్యాససంగ్రహం :

తెలుగునాట స్థానిక చరిత్రల పరిశోధన చేసేవారికి ‘మెకంజీ కైఫీయత్తులు’ అన్న మాట సుపరిచితం. ఆ కైఫీయత్తులను సేకరింపజేసిన కాలిన్ మెకంజీ జీవితం గురించి, ఆయన సేకరణల గురించి విస్తృతమైన పరిశోధన జరిగింది. ఆయన ఇంటిపేరు చరిత్ర మాత్రం తెలుగు పరిశోధకుల దృష్టికి అంతగా రాలేదు. స్కాట్లండ్ ఉత్తర భాగంలోని గేలిక్ భాషలో పుట్టిన ఈ పేరు స్కాట్స్, ఇంగ్లీషు భాషల మీదుగా తెలుగు లిపిని చేరేసరికి ఎన్నో మార్పులకు లోనైంది. ఆ పేరు పుట్టుకను, లిపిలో వచ్చిన మార్పును, వంశచరిత్రతో దానికున్న సంబంధాన్ని, నేటి వ్యాప్తిని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇంటిపేరు ఒక్కటే రక్తసంబంధానికి సాక్ష్యం కాజాలదనే అంశాన్ని ఈ ఉదాహరణ ద్వారా నిరూపించడం ప్రధాన లక్ష్యం.

కీలకపదాలు : మెకంజీ, గేలిక్, ఇంటిపేరు, యోఖ్ అక్షరం, లిప్యంతరీకరణ, కైఫీయత్తులు, నామవిజ్ఞానం.

1. ప్రవేశిక :

కాలిన్ మెకంజీ 1754 లో స్కాట్లండ్ పడమటి తీరానికి ఆవల ఉన్న లూయిస్ దీవిలో, స్టోర్నోవే పట్టణంలో జన్మించాడు. 1783 లో ఈస్టిండియా కంపెనీ సైనికోద్యోగిగా మద్రాసు చేరాడు. 1810 లో మద్రాసు సర్వేయర్ జనరల్‌గా, 1815 లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్‌గా నియమితుడై 1821 లో మరణించాడు. కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరుల సహకారంతో ఆయన సమకూర్చిన రాతప్రతులు, శాసన ప్రతిలిపులు, గ్రామచరిత్రలు నేడు చెన్నైలోనూ, లండన్‌లోనూ భద్రంగా ఉన్నాయి.

ఈ సేకరణను సంప్రదించే పరిశోధకుడు వందలాది వ్యక్తుల పేర్లను, ఇంటిపేర్లను, వంశనామాలను చదవవలసి ఉంటుంది. ఒక ఇంటిపేరు ఒక ఊరిలో కనబడితే ఆ కుటుంబం ఫలానా వంశానికి చెందినదని నిర్ణయించడం ఎంతవరకు సమంజసం అనే ప్రశ్న అక్కడ తప్పక ఎదురవుతుంది. సేకరణకర్త ఇంటిపేరే ఈ ప్రశ్నకు ఒక మంచి పాఠాన్ని అందిస్తుంది.

2. పదనిర్మాణం :

మెకంజీ అనే పేరుకు మూలరూపం స్కాటిష్ గేలిక్ భాషలోని ‘మఖ్ కొఞిహ్’. ఇందులో రెండు పదాలున్నాయి. ‘మఖ్’ అంటే కొడుకు. ఇది కెల్టిక్ భాషలన్నిటికీ మూలమైన భాష నుంచి వచ్చిన ప్రాచీన పదం. ఐర్లండ్‌లోని ఓగమ్ లిపి శాసనాలలో ‘మక్వి’ అనే షష్ఠీవిభక్తి రూపంలో కనిపిస్తుంది. వెల్ష్ భాషలోని ‘మాబ్’, ‘అప్’ దీని సోదరరూపాలే.

రెండవ పదం ‘కొఞఖ్’ అనే పురుషనామం. దీనికి అందగాడు, సొంపైనవాడు అని అర్థం చెబుతారు. 6వ శతాబ్దపు ఐరిష్ సాధువు కానిఖ్ పేరు దీనికి పూర్వరూపం. ఐర్లండ్‌లోని కిల్కెన్నీ నగరం పేరుకు ‘కానిఖ్ సాధువు ఆలయం’ అని అర్థం. ఇంగ్లీషులో ఈ గేలిక్ పేరుకు ‘కెన్నెత్’ సమానరూపంగా స్థిరపడింది. గేలిక్‌లో షష్ఠీవిభక్తి వచ్చినప్పుడు పదాంత హల్లు తాలవ్యమవుతుంది. అందువల్ల ‘కొఞఖ్’ అనేది ‘కొఞిహ్’ అయింది. మొత్తం మీద ‘కెన్నెత్ కొడుకు’ అని సమాసార్థం.

ఈ నిర్మాణంలో మరొక విశేషం ఉంది. గేలిక్‌లో స్త్రీల ఇంటిపేరు ‘మఖ్’తో మొదలుకాదు. ‘నిఖ్ కొఞిహ్’ అనే వేరు రూపం వాడుతారు. ‘నిఖ్’ అనేది ‘కొడుకు కూతురు’ అనే అర్థమిచ్చే పదబంధం కుదించుకుపోగా ఏర్పడింది. ఇంగ్లీషు దస్తావేజులలోకి ఎక్కినప్పుడు ఈ లింగభేదం మాయమైంది. స్త్రీలూ పురుషులూ అందరూ ‘కొడుకు’లుగానే నమోదయ్యారు.

తెలుగు ఇంటిపేర్లతో పోలిస్తే తేడా స్పష్టమవుతుంది. తెలుగు ఇంటిపేర్లలో అధికభాగం ఊళ్లు, వృత్తులు, వస్తువులు, చెట్లు మొదలైనవాటి నుంచి ఏర్పడి వ్యక్తినామానికి ముందు నిలుస్తాయి. మెకంజీ వంటి పేర్లు మూలపురుషుని పేరుతో ఏర్పడి వ్యక్తినామం తరువాత నిలుస్తాయి. మొదట్లో ఇవి స్థిరమైన ఇంటిపేర్లు కూడా కావు. కెన్నెత్ కొడుకు ‘మఖ్ కొఞిహ్’ అయితే, అతని కొడుకు తన తండ్రి పేరుతో మరొక ‘మఖ్’ అయ్యేవాడు. స్కాట్లండ్ ఉత్తర పర్వతప్రాంతమైన హైలండ్స్‌లో సామాన్యజనంలో స్థిరమైన ఇంటిపేర్లు 17, 18 శతాబ్దాలలో గాని విస్తృతంగా కుదురుకోలేదు.

3. లోపించిన అక్షరం, మారిన ఉచ్చారణ :

గేలిక్ మూలంలో ‘జ’కారం గాని, దానికి దగ్గరి ధ్వని గాని లేదు. మరి మెకంజీలో ‘జీ’ ఎక్కడి నుంచి వచ్చింది? దీనికి సమాధానం లిపిచరిత్రలో ఉంది.

గేలిక్ పేర్లను స్కాట్లండ్ పాలనావ్యవహారాలలో వాడిన స్కాట్స్ భాషలో రాయవలసివచ్చినప్పుడు లేఖకులు ‘యోఖ్’ అనే అక్షరాన్ని వాడేవారు. అది ‘య’కారధ్వనికి సంకేతం. నకారం తరువాత యోఖ్ రాస్తే అది తాలవ్యానునాసికాన్ని, అంటే తెలుగు వర్ణమాలలోని ‘ఞ’ను పోలిన ధ్వనిని సూచించేది. కాబట్టి ఆనాటి రాతలో ఈ పేరు గేలిక్ ఉచ్చారణకు చాలావరకు విధేయంగానే ఉంది.

చేతిరాతలో యోఖ్ అక్షరమూ, తోకగల ‘జెడ్’ అక్షరమూ ఒకేలా కనిపించేవి. 4వ జేమ్స్ రాజు 1507 లో వాల్టర్ చెప్‌మన్, ఆండ్రూ మిల్లర్‌లకు ముద్రణాధికారం ఇవ్వడంతో స్కాట్లండ్‌లో అచ్చు మొదలైంది. అచ్చు అక్షరాలలో యోఖ్ లేకపోవడంతో ముద్రాపకులు దాని స్థానంలో రూపసామ్యం గల ‘జెడ్’ను వాడసాగారు. స్కాట్స్ తెలిసిన పాఠకులు ‘జెడ్’ను చూసినా పాత ధ్వనితోనే చదువుకున్నారు. ఇంగ్లీషు చదువు ప్రబలినకొద్దీ ఆ సంప్రదాయం తెలియనివారు అక్షరాన్ని ఉన్నదున్నట్లు పలికారు. పలుకును అనుసరించి రాత ఏర్పడడం సహజం. ఇక్కడ రాతను అనుసరించి పలుకు మారింది.

ఈ పేరుకు 18వ శతాబ్దంలో కూడా ‘మకింగి’ అనే ఉచ్చారణ ఉండేదని, 1946 లో వెలువడిన ‘ది సర్‌నేమ్స్ ఆఫ్ స్కాట్లండ్’ గ్రంథంలో జార్జ్ ఫ్రేజర్ బ్లాక్ నమోదు చేశాడు. నేడు ఆ ఉచ్చారణ వ్యవహారంలో లేదు. అయితే ఇదే మార్పుకు గురైన మరికొన్ని పేర్లలో పాత పలుకు నిలిచి ఉంది. ‘మెంజీస్’ అని రాసే ఇంటిపేరును స్కాట్లండ్‌లో ‘మింగిస్’ అంటారు. ఆస్ట్రేలియా ప్రధాని రాబర్ట్ మెంజీస్‌కు ‘మింగ్’ అనే ముద్దుపేరు రావడానికి కారణం ఇదే. ‘డాల్‌జీల్’ అని రాసే పేరు ‘డీయెల్’ అని వినిపిస్తుంది. వీటితో పోల్చినప్పుడు మెకంజీ పేరులో రాత పలుకును పూర్తిగా జయించింది.

తెలుగు శాసనభాషతో పరిచయం ఉన్నవారికి ఈ పరిణామం అపరిచితం కాదు. ప్రాచీన తెలుగు శాసనాలలో ఉండిన ‘ఴ’ అక్షరం లోపించినందువల్లనే ‘చోఴ’ శబ్దం చోడ, చోళ రూపాలలో నిలిచింది. తేడా ఏమంటే, తెలుగులో ధ్వని మారగా అక్షరం లోపించింది. మెకంజీ విషయంలో అక్షరం లోపించగా ధ్వని మారింది.

4. తెలుగు లిపిలో మెకంజీ :

తెలుగులో ఈ పేరు మెకంజీ, మెకెంజీ, మెకంజి, మకెంజీ అనే రూపాలలో కనిపిస్తుంది. వీటిలో ‘మెకంజీ’ రూపం ఎక్కువ ప్రచారంలో ఉంది. ఇంగ్లీషులోని ‘జెడ్’ ధ్వనికి తెలుగులో ప్రత్యేకాక్షరం లేనందున ‘జ’ రాయడం పరిపాటి. ఇకారానికి ముందున్న ఈ జకారం తాలవ్యం. దానికి ముందున్న పూర్ణబిందువు వర్గపంచమాక్షరమైన ‘ఞ’గా పలుకుతుంది. అంటే తెలుగువారు ‘మెకంజీ’ అన్నప్పుడు గేలిక్ మూలంలోని తాలవ్యానునాసికం తెలియకుండానే మళ్లీ వినిపిస్తుంది. గేలిక్ మూలం తెలిసి చేసిన ఏర్పాటు కాదిది. తెలుగు సంధిస్వభావం వల్ల కలిగిన యాదృచ్ఛిక సామ్యం. ఇటువంటి సామ్యాలను చూసి చారిత్రక సంబంధాన్ని ఊహించకూడదని హెచ్చరించడానికి కూడా ఇది పనికివస్తుంది.

5. వంశనామమా? విధేయతానామమా? :

మెకంజీల మూలపురుషుని గురించి రెండు కథనాలున్నాయి. ఐర్లండ్ నుంచి వచ్చిన కాలిన్ ఫిట్జెరాల్డ్ అనే నార్మన్ వీరుడు 1263 నాటి లార్గ్స్ యుద్ధంలో పాల్గొన్నాడని, అందుకు ప్రతిఫలంగా 3వ అలెగ్జాండర్ రాజు 1266 లో అతనికి కింటెయిల్ ప్రాంతాన్ని ఇచ్చాడని ఒక కథనం. 17వ శతాబ్దంలో మెకంజీ ప్రభువులే దీనికి బాగా ప్రచారం కల్పించారు. ఆధారంగా చూపిన దానపత్రాన్ని ఆధునిక చరిత్రకారులు విశ్వసించరు. రెండవ కథనం ‘1467 రాతప్రతి’గా ప్రసిద్ధమైన గేలిక్ వంశావళి సంపుటిలో ఉంది. దాని ప్రకారం మెకంజీలు, మాథిసన్లు ‘ఎయిర్డ్’ ప్రాంతపు గిలియోన్ అనే స్థానికుని సంతతివారు. గొప్ప మూలపురుషుని కల్పించుకోవడం పాలకవంశాలన్నిటికీ సామాన్యమని కైఫీయత్తులు చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఈ వంశం ప్రాబల్యం 15వ శతాబ్దం చివర పెరిగింది. పడమటి దీవులను ఏలిన మక్‌డొనాల్డుల ప్రభుత్వం 1493 లో రద్దయినప్పుడు కలిగిన శూన్యాన్ని పూరించినవారిలో మెకంజీలు ముఖ్యులు. 1609 లో కింటెయిల్ ప్రభువు బిరుదు, 1623 లో సీఫోర్త్ ఎర్ల్ పదవి వారికి దక్కాయి. అంతవరకు మక్‌లౌడ్ వంశానికి చెందిన లూయిస్ దీవి 1610 లో వారి అధీనమైంది.

ఈ చివరి సంఘటన ప్రస్తుత విషయానికి కీలకం. కాలిన్ మెకంజీ పుట్టిన స్టోర్నోవేలో ఆ ఇంటిపేరు ప్రబలడానికి కారణం 1610 నాటి ఆక్రమణే. ఆ పట్టణం నుంచే ఉత్తర అమెరికాను అన్వేషించిన అలెగ్జాండర్ మెకంజీ కూడా వచ్చాడు. ఒకే కాలం, ఒకే ఊరు, ఒకే ఇంటిపేరు అయినంత మాత్రాన ఇద్దరినీ దగ్గరి బంధువులుగా భావించడానికి వీలులేదు.

ఎందుకంటే ఈ పేరు ధరించినవారందరూ ఒకే మూలపురుషుని సంతతి కారు. ప్రభువు భూమిలో కౌలుదారులుగా ఉన్నవారు, అతని రక్షణ కోరినవారు అతని ఇంటిపేరును స్వీకరించడం హైలండ్స్‌లో పరిపాటి. మరొకవైపు, పూర్తి విధేయులైనా సొంతపేరు వదలనివారూ ఉన్నారు. మెకంజీల కోట ఐలన్ డోనన్‌ను కాపాడిన మక్‌రే వంశీయులు ‘మెకంజీల కవచం’ అని పేరుపొందారు గాని మెకంజీలు కాలేదు.

నాయకత్వపరంపర కూడా పురుషసంతతి ద్వారానే సాగలేదు. నేటి వంశనాయకత్వం క్రోమార్టీ ఎర్ల్ కుటుంబంలో ఉంది. ఆ పదవి 20వ శతాబ్దంలో క్రోమార్టీ కౌంటెస్ సిబెల్ లిలియన్ ద్వారా సంక్రమించింది. ఆమె భర్త ఇంటిపేరు బ్లంట్. వివాహానంతరం బ్లంట్-మెకంజీ అయింది. తరువాతి తరంలో కుమారుడు ‘బ్లంట్’ను వదలి ‘మెకంజీ’ని మాత్రమే ఉంచుకున్నాడు. వంశనాయకుని ఇంటిపేరే ఎంచుకున్న పేరు అయినప్పుడు, సామాన్యుల పేర్లను రక్తసంబంధ సూచకాలుగా చదవడంలో ఎంత జాగ్రత్త అవసరమో వేరే చెప్పనవసరం లేదు.

6. వలసలు, నేటి వ్యాప్తి :

1715 లో సీఫోర్త్ ఎర్ల్ జాకోబైట్ తిరుగుబాటులో చేరి ఆస్తులు పోగొట్టుకున్నాడు. 1745 తిరుగుబాటు విఫలమైన తరువాత హైలండ్ ప్రభువుల వంశపారంపర్య న్యాయాధికారాలు 1747 చట్టంతో రద్దయ్యాయి. కౌలు పెంపుదల, గొర్రెల పెంపకం కోసం రైతులను ఖాళీ చేయించడం, సైనికోద్యోగాలు, సముద్రాంతర వ్యాపారం ఈ పేరును ప్రపంచమంతటా చల్లాయి. మెకంజీల ప్రాబల్యం గల లోఖ్‌బ్రూమ్ తీరం నుంచి 1773 లో ‘హెక్టర్’ ఓడ కెనడాలోని నోవాస్కోషియాకు వలసదారులను చేర్చింది.

నేడు స్కాట్లండ్‌లో ఈ పేరు రాస్‌షైర్, లూయిస్ ప్రాంతాలలో సాంద్రంగా ఉంది. దేశం మొత్తం మీద కూడా బహుళప్రచారం గల ఇంటిపేర్లలో ఇది ఒకటి. లూయిస్‌లో ఒకే పేరుగలవారు ఎక్కువ కావడంతో తండ్రితాతల పేర్లతోనూ, మారుపేర్లతోనూ వ్యక్తులను గుర్తించే గేలిక్ పద్ధతి కొనసాగుతోంది. ఇంటిపేరు గుర్తింపుకు చాలనిచోట పాత పద్ధతే ఆదుకున్నదన్నమాట.

కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలండ్, అమెరికా దేశాలలో ఈ పేరు విస్తారం. కెనడాలో పొడవైన నది మెకంజీ నది. ఆ దేశపు రెండవ ప్రధాని అలెగ్జాండర్ మెకంజీ. మరొక ప్రధాని విలియం లయన్ మెకంజీ కింగ్‌కు ఈ పేరు 1837 తిరుగుబాటు నాయకుడైన మాతామహుని నుంచి వచ్చింది. న్యూజిలండ్‌లోని ‘మెకంజీ ప్రాంతం’ 1855 లో గొర్రెల దొంగతనం ఆరోపణపై పట్టుబడిన జేమ్స్ మెకంజీ పేరుతో ప్రసిద్ధం. అమెరికాలో ఇది 1990ల నుంచి ఆడపిల్లల వ్యక్తినామంగా బాగా ప్రచారం పొందింది. ‘కొడుకు’ అనే అర్థమున్న పదంతో మొదలయ్యే పేరు కూతుళ్లకు పెట్టడం, పదం మూలార్థం నుంచి ఎంతగా విడివడిందో తెలియజేస్తుంది.

‘మాక్’, ‘మెక్’ వర్ణక్రమాల గురించి ఒక అపోహను తొలగించవలసి ఉంది. పూర్తి రూపం స్కాటిష్‌దని, కుదించిన రూపం ఐరిష్‌దని చాలామంది భావిస్తారు. ఇది సరికాదు. కుదించిన రూపం లేఖకుల సంక్షిప్త సంకేతం మాత్రమే. ఒకే వ్యక్తి పేరు ఒకే కాలపు దస్తావేజులలో రెండు విధాలుగానూ దొరుకుతుంది.

7. ముగింపు :

1. మెకంజీ పేరుకు మూలం గేలిక్‌లోని ‘మఖ్ కొఞిహ్’. ‘కెన్నెత్ కొడుకు’ అని అర్థం.

2. ఇందులోని జకారం మూలభాషది కాదు. యోఖ్ అక్షరం స్థానంలో ముద్రాపకులు ‘జెడ్’ను వాడడం వల్ల వచ్చిపడింది.

3. ఈ పేరు పుట్టుకతోనే కాక భూమి, రక్షణ, విధేయత, స్త్రీల వారసత్వం అనే మార్గాలలో కూడా వ్యాపించింది. కాబట్టి దీనిని ఏకవంశసూచకంగా గ్రహించడం పొరపాటు.

4. తెలుగు గ్రంథసూచికలలో, డిజిటల్ జాబితాలలో ఈ పేరుకు ఒక ప్రామాణికరూపాన్ని నిర్ణయించి, తక్కిన రూపాలను దానికి అనుసంధించడం అవసరం. లేనిపక్షంలో ఒక రూపంతో వెదికే పరిశోధకునికి మరొక రూపంతో నమోదైన రచనలు దొరకవు.

5. ఇదే జాగ్రత్త తెలుగు ఇంటిపేర్లకూ వర్తిస్తుంది. మెకంజీ సహాయకుల ఇంటిపేరైన ‘కావలి’ ఒక ఊరిపేరు కూడా, కాపలా అనే అర్థంగల పదం కూడా. రూపాన్ని మాత్రమే చూసి ఆ కుటుంబం ఊరినో, వృత్తినో నిర్ణయించడం సాధ్యం కాదు. కైఫీయత్తులలోని ఇంటిపేర్ల ఆధారంగా కుటుంబాల వలసలను, కులసంబంధాలను నిర్ధారించేటప్పుడు భూదానాలు, కౌలుపత్రాలు, శాసనాలు వంటి ఇతర ఆధారాల సమర్థన తప్పనిసరి. పేరు పరిశోధనకు దారి చూపుతుంది. నిర్ణయం మాత్రం ఇతర సాక్ష్యాలతో కలిపి చేయవలసినదే.