ట్యాబ్ మూసేస్తే లాగౌట్ అయినట్టు కాదు: కుకీ, హెడర్, రీడైరెక్ట్ అంటే ఏమిటి?

స్కాలర్‌షిప్ ఫారం, హజ్ దరఖాస్తు, కాలేజీ ఫీజు... ఇప్పుడు అన్నీ ఆన్‌లైన్‌లోనే. ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లలు నెట్ సెంటర్‌కి వెళ్లి నింపుతారు. పని అవగానే చాలామంది ట్యాబ్ మూసేసి వచ్చేస్తారు. తర్వాత అదే కుర్చీలో కూర్చున్నవాళ్లు ఆ సైట్ తెరిస్తే, పాస్‌వర్డ్ లేకుండానే మన ఆధార్, బ్యాంకు వివరాలు కనబడొచ్చు. ఎందుకలా?

సర్వర్‌కి మతిమరుపు

వెబ్‌సైట్లు హెచ్‌టీటీపీ అనే పద్ధతిలో నడుస్తాయి. ఇందులో ప్రతి క్లిక్కూ సర్వర్‌కి కొత్తదే. ఇందాక లాగిన్ అయింది మీరేనని దానికి గుర్తుండదు. ఈ చిక్కు తీర్చడానికి 1994లో నెట్‌స్కేప్ ఇంజినీరు లూ మాంటుల్లి కనిపెట్టిన ఉపాయమే కుకీ.

ఇది ఆసుపత్రి ఓపీ చీటీ లాంటిది. లాగిన్ అవగానే సర్వర్ ఒక నంబరు ఇస్తుంది. బ్రౌజర్ దాన్ని దాచుకుని, ప్రతిసారీ చూపిస్తుంది. చీటీ ఎవరి చేతిలో ఉంటే వాళ్లే పేషెంటు. లాగౌట్ నొక్కితే సర్వర్ ఆ చీటీని రద్దు చేయాలి. ట్యాబ్ మూస్తే చీటీ అక్కడే ఉండిపోతుంది.

కవరు మీది రాత

కుకీ హెడర్‌లో ప్రయాణిస్తుంది. పేజీ లోపలి ఉత్తరమైతే, హెడర్ కవరు మీది రాత. ఏ బ్రౌజర్, ఏ భాష, ఏ కుకీ అన్నీ అందులోనే ఉంటాయి. సర్వర్ జవాబులోనూ హెడర్లే ముందు వస్తాయి, పేజీ తర్వాత.

'ఇక్కడ కాదు, అక్కడికి వెళ్లు' అని హెడర్ చెబితే అది రీడైరెక్ట్. అడ్రస్ శాశ్వతంగా మారితే 301, తాత్కాలికమైతే 302 కోడ్ వస్తుంది. ఫారం పంపాక వేరే పేజీకి తీసుకెళ్లడానికి 303 ఉంది. దీనివల్ల రీఫ్రెష్ కొట్టినా ఫారం రెండోసారి వెళ్లదు. ఈ ఏర్పాటు లేని సైట్లలో రీఫ్రెష్ కొడితే ఫీజు రెండుసార్లు కట్టే ప్రమాదం ఉంటుంది.

కోడింగ్ నేర్చుకునే పిల్లలకు

పీహెచ్‌పీలో హెడర్ పంపేముందు ఒక్క ఖాళీ గీత బయటికి పోయినా 'హెడర్స్ ఆల్రెడీ సెంట్' అనే హెచ్చరిక రావచ్చు. రీడైరెక్ట్ రాశాక ఎగ్జిట్ తప్పనిసరి. లేకపోతే కింది కోడ్ కూడా నడిచిపోతుంది, లాగిన్ కానివాళ్లకు కూడా లోపలి సమాచారం వెళ్లిపోతుంది. లాగిన్ కుకీకి హెచ్‌టీటీపీ ఓన్లీ, సెక్యూర్ గుర్తులు పెట్టండి. మొదటిది పేజీలోని జావాస్క్రిప్ట్‌కు కుకీ చిక్కకుండా చూస్తుంది. రెండోది హెచ్‌టీటీపీఎస్‌లో మాత్రమే దాన్ని పంపిస్తుంది.

మనం ఏం చేయాలి?

* బయటి కంప్యూటర్‌లో ఇన్‌కాగ్నిటో విండో వాడండి. పని అయ్యాక లాగౌట్ నొక్కి, విండోలన్నీ మూసేయండి.
* డబ్బు కట్టేటప్పుడు పేజీ ఆగిపోతే, 'ఫారం మళ్లీ పంపాలా?' అని బ్రౌజర్ అడిగితే సరే అనకండి. ముందు బ్యాంకు మెసేజ్ చూసుకోండి.
* వాట్సాప్‌లో వచ్చిన లింకు ఒక పేరుతో మొదలై, రీడైరెక్ట్‌తో ఇంకో చోటికి తీసుకెళ్లొచ్చు. పేజీ తెరుచుకున్నాక అడ్రస్ మళ్లీ చదవండి. హెచ్‌టీటీపీఎస్:// తర్వాత వచ్చే మొదటి స్లాష్‌కు ముందున్న పేరే అసలు పేరు. ప్రభుత్వ సైట్లకు ఆ పేరు చివర సాధారణంగా గవ్.ఇన్ లేదా నిక్.ఇన్ ఉంటుంది.

ఆ పేరు సరిపోకపోతే ఓటీపీ, ఆధార్ నంబరు ఏదీ ఇవ్వకండి.