ఊరికే నడిచొద్దామని...

గుడికి వెళ్తున్నానంటే ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పరు. కూరగాయలకన్నా సరే. ‘ఊరికే, నడవడానికి’ అంటేనే వస్తుంది చిక్కు. ‘మూడింటికి నడకేంది?’ అంది మా అత్తమ్మ. పొద్దున క్యారేజీలు, సాయంత్రం పిల్లల చదువులు, వంట. మనకు మిగిలేది మధ్యలో ఆ రెండు గంటలే కదండీ!

నేనూ, నా స్నేహితురాలూ హన్మకొండ హంటర్ రోడ్డులోని జూపార్కు నుంచి మొదలుపెట్టాం. వన విజ్ఞాన కేంద్రమంటే పాతవాళ్లకు బాగా తెలుస్తుంది. జింకల్ని చూసి, అక్కడి నుంచి భద్రకాళి చెరువు కట్టకు వచ్చాం. పూడిక తీయడానికి 2024 చివర్లో ఖాళీ చేశారే, ఆ కాకతీయుల నాటి చెరువే. పొద్దునా సాయంత్రం జనముండే కట్ట మీద ఆ వేళకు మేమిద్దరమే. నిజం చెప్పొద్దూ, ఒంటరిగా అయితే వచ్చేదాన్ని కాదు. చెట్లు పెంచితే చాలదు; కూర్చోడానికి బల్ల, శుభ్రమైన మరుగుదొడ్డి, చీకటి పడితే లైట్లు ఉంటేనే ఆడవాళ్లు పార్కులకొస్తారు.

చివరికి పద్మాక్షి గుట్ట. మెట్లెక్కేసరికి ఆయాసం! పైన రాతిలో చెక్కిన జైన తీర్థంకరుల బొమ్మలున్నాయి, 1117 నాటి శాసనముంది. కాకతి రెండో ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ ఇక్కడ కడలాలయ బసదిని, అంటే జైనుల గుడిని, కట్టించిందని అది చెబుతోంది.

‘సద్దుల బతుకమ్మకు ఏటా ఇంతమందిమి ఈ గుట్ట కిందికొస్తాం, ఆమె పేరు మనకెవరూ చెప్పలేదేమే?’ అంది నా స్నేహితురాలు.

మీరూ వెళ్తే మెత్తటి చెప్పులు వేసుకోండి. ఎండాకాలమైతే నాలుగు దాటాకే బయల్దేరండి, గుట్ట రాయి కాలుతుంది.