వినుట కూడ ఖర్చే

అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు తీరమునకు దూరముగా గ్రేట్ డక్ అను చిన్న దీవి కలదు. లీచ్ పెట్రెల్ అను సముద్రపక్షులు అచ్చట నేలలో బొరియలు చేసికొని గ్రుడ్లు పొదుగును. పొదుగుట ఆరంభించిన తొలి రెండు వారములలో మనుష్యుల అలజడి కలిగినచో అవి గూటిని విడిచిపోవు ప్రమాదమున్నది. అందుచేత 2002లో శాస్త్రజ్ఞులు బొరియలలోను, వాటి చెంతను 32 చిన్న పరికరముల నుంచిరి. అవి ఉష్ణోగ్రత, తేమ మొదలగు వానిని కొలిచి రేడియో ద్వారా తెలుపును. వాటికి బ్యాటరీయే ఆధారము. బ్యాటరీ మార్చుటకు మాటిమాటికి మనిషి పోవలసినచో వాటి నుంచిన ప్రయోజనమే చెడును.

ఇట్టి పరికరములో విద్యుత్తు అధికముగా దేనికి వ్యయమగును? వార్త పంపుటకే అని తోచును. కాని తరువాత వాడుకకు వచ్చిన సీసీ 2420 అను రేడియోను చూడుడు. పంపునపుడు అది సుమారు 17 మిల్లీ ఆంపియర్లు తీసికొనును. వినునపుడు సుమారు 19! ఎవరును పలుకకున్నను, క్షీణమైన తరంగములను పట్టి పెంచు భాగములన్నియు పనిచేయుచునే యుండవలెను గదా!

ఒక లెక్క వేయుదము. బ్యాటరీ శక్తి 2,000 మిల్లీ ఆంపియర్-గంటలు, రేడియో ప్రవాహము 20 మిల్లీ ఆంపియర్లు అనుకొనుడు. ఎడతెగక వినినచో 100 గంటలకు, అనగా నాలుగు దినములకే బ్యాటరీ ముగియును. నూటికి ఒక వంతు కాలము మాత్రమే మేల్కొనినచో సగటు ప్రవాహము 0.2 మిల్లీ ఆంపియర్. బ్యాటరీ 10,000 గంటలు, అనగా ఏడాదికి పైగా వచ్చును. నిద్రలోని స్వల్పవ్యయమును ఇచట విడిచితిమి.

అయితే ఒకటి పిలుచునపుడు రెండవది నిద్రించుచున్న నెట్లు? ఇందుకై ఏర్పరచుకొన్న ఒప్పందమునే ప్రోటోకాల్ అందురు. 2002లో వెలువడిన ఎస్-మాక్ పద్ధతిలో ఇరుగుపొరుగు పరికరములు ఒకే వేళకు మేల్కొనును. గడియారములు తప్పకుండుటకై అవి అప్పుడప్పుడు కాలమును సరిచూచుకొనును. 2004 నాటి బి-మాక్ పద్ధతిలో ఉమ్మడి వేళ లేదు. ప్రతి పరికరమును నియతకాలమున కొకసారి క్షణకాలము చెవియొగ్గి, సంకేతము లేనిచో మరల నిద్రించును. పంపునది వార్తకు ముందు ఆ వ్యవధికి తక్కువ కాని దీర్ఘమైన పీఠికా సంకేతమును పంపును. వినువాని ఖర్చు తగ్గి పంపువానిపై పడినది. వార్తలు అరుదైనచోట ఇది లాభము. రెండింటను వార్త కొంత ఆలస్యముగ చేరును. పక్షిగూటి ఉష్ణోగ్రతకు ఆ ఆలస్యము బాధకము కాదు.

విద్యార్థులు ఆలోచింపవలసిన ప్రశ్న: బి-మాక్‌లో మేల్కొను వ్యవధిని రెట్టింపు చేసినచో వినువానికి మిగులునదెంత, పంపువానికి పెరుగునదెంత?