గృహస్థుని టెలివిజనుపై పరుల పెత్తనము

సొమ్ము చెల్లించి కొనితెచ్చుకొన్న టెలివిజను యంత్రము గృహస్థుని ఆజ్ఞకే లోబడియుండవలెనని సామాన్యులమైన మనము తలంతుము. కాని అమెరికా దేశమున చలనచిత్ర సంస్థలు ఆ యంత్రముల నిర్మాణమును సైతము తామే శాసింపవలెనని దీర్ఘకాలము యత్నించినవి. సోనీ వారి బీటామాక్స్ రికార్డరుపై యూనివర్సల్, డిస్నీ సంస్థలు 1976లో వ్యాజ్యము వేయగా, ప్రసారమైన కార్యక్రమమును తీరికవేళ చూచుటకై ఇంట రికార్డు చేసికొనుట దోషము కాదని సుప్రీంకోర్టు 1984లో తీర్పు చెప్పెను. తొమ్మండుగురు న్యాయమూర్తులలో నలుగురు విభేదించిరి. మరియొక్కరు అటు మొగ్గియున్నచో ఆ పరికరము గతి ఏమయ్యెడిదో!

అట్టి కోరికయే పిదప ప్రభుత్వ ద్వారమున వేరొక రూపమున ప్రవేశించెను. డిజిటల్ ప్రసారములలో ఇమిడ్చిన ఒక సంకేతమును గుర్తించి, ఆ కార్యక్రమముల ప్రతులు ఇంటర్నెట్టులో విచ్చలవిడిగా వ్యాపింపకుండ అడ్డగించునట్లు నూతన యంత్రములను నిర్మింపవలెనని, చిత్రసంస్థల ప్రోద్బలమున, ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 2003 నవంబరులో నియమము చేసెను. ఒక పరిశ్రమ యొక్క భయము, ప్రజలెన్నుకొనని అధికారుల చేతి మీదుగా, దేశమందలి ప్రతి గృహమునకు కట్టుబాటగుట నాకు మిక్కిలి అన్యాయముగ తోచుచున్నది. గ్రంథాలయ సంఘములు న్యాయస్థానము నాశ్రయింపగా, ప్రసారము అందిన పిమ్మట యంత్రము చేయు పనిని శాసించు అధికారమును కాంగ్రెసు ఆ కమిషనున కొసగలేదని వాషింగ్టనులోని అప్పీలు కోర్టు, నియమము అమలునకు వచ్చుటకు పూర్వమే, 2005 మే మాసమున దానిని కొట్టివేసెను.