వరికి కొట్టిన మందు పుట్టగొడుగుకు తగిలితే

ముత్యపుచిప్ప పుట్టగొడుగుల సంచిలో వరిగడ్డి, విత్తనం సరిగ్గా కుదిరితే రెండు మూడు వారాల్లో తెల్లటి బూజు గడ్డినంతా అల్లుకుంటుంది. ఒక్కోసారి ఆ అల్లిక విత్తనపు గింజల చుట్టూ వేలెడు మేర పాకి ఆగిపోతుంది. విత్తనం పాతదనో, తేమ ఎక్కువైందనో అనుకుంటాం. చాలాసార్లు అదే నిజం కూడా. అయితే ఆ గడ్డి చేలో ఉండగా ఏ తెగుళ్ల మందు కొట్టారో కూడా ఆరా తీయాలి. పుట్టగొడుగూ శిలీంధ్రమే కదా!

మందులన్నీ ఒకే తీరున పనిచేయవు. అగ్గితెగులుకు వాడే ట్రైసైక్లజోల్ ఆ శిలీంధ్రం ఆకులోకి చొచ్చుకుపోవడానికి అవసరమైన మెలనిన్ తయారీని ఆపుతుంది, దాని పెరుగుదలను నేరుగా దెబ్బతీయదు. అందుకే దీనితో పుట్టగొడుగుకు భయం తక్కువ.

పాముపొడ తెగులు మందులతోనే అసలు చిక్కు. ఆ తెగులు తెచ్చే రైజోక్టోనియా సోలాని, మన పుట్టగొడుగు రెండూ బెసిడియోమైసీట్ల వర్గానివే. వరసకు దాయాదులు! థైఫ్లుజమైడ్ ఆ వర్గం మీద గట్టిగా పనిచేసే మందు. హెక్సాకొనజోల్, ప్రోపికొనజోల్ అయితే ఎర్గోస్టెరాల్ తయారీని అడ్డుకుంటాయి. అది లేనిదే చాలా శిలీంధ్రాల కణపొర నిలవదు. గడ్డిలో ఇవి తగినంత మిగిలితే పుట్టగొడుగు బూజు చావకపోయినా కుంటుపడుతుంది. ఈలోగా ట్రైకోడెర్మా పచ్చబూజు ఖాళీ జాగాలో చేరితే నింద దాని మీదకే పోతుంది.

తమాషా ఏమిటంటే, పెంపకందారులే గడ్డిని తెగుళ్ల మందులో నానబెడతారు. 100 లీటర్ల నీటికి 7.5 గ్రాముల కార్బెండజిమ్, 125 మి.లీ. ఫార్మాలిన్ కలిపి 16–18 గంటలు ఉంచడం మామూలే. ఆ మోతాదు కార్బెండజిమ్‌కు ట్రైకోడెర్మా లొంగుతుంది, ముత్యపుచిప్ప తట్టుకుంటుంది. దీన్ని చూసి అన్ని మందులనూ తట్టుకుంటుందనుకుంటే పొరపాటే.

ఈనిక దశలో కొట్టిన అంతర్వాహిక మందు నీటితోపాటు పైకెక్కి ఆకుల్లో చేరుతుంది. ఆ ఆకులూ మనం కొనే గడ్డిలో ఉంటాయి. కడిగితే పైపైన అంటుకున్నది కొంత పోతుంది, లోపలికి ఇంకినది అంత తేలిగ్గా రాదు. గడ్డిని శుద్ధి చేసే 80 డిగ్రీల వేడినీళ్లు బూజులను చంపుతాయి కానీ హెక్సాకొనజోల్ లాంటివాటిని విరగ్గొట్టలేవు.

కాబట్టి గడ్డి బేరమాడేటప్పుడే ఏ మందు కొట్టారో, కోతకు ఎన్నాళ్ల ముందు కొట్టారో రైతును అడగండి. అనుమానముంటే ఆ గడ్డితో రెండు సంచులు, మందు కొట్టని గడ్డితో రెండు సంచులు నింపి, ఒకే విత్తనం వేసి, ఒకే గదిలో పెట్టండి. పది రోజుల్లో అల్లికలో తేడా కనిపిస్తే మిగతా గడ్డికి విత్తనం ఖర్చు పెట్టకండి.